కేర్ హోమ్‌కి డేగ, గుడ్లగూబ: ప్రాజెక్టు డైరీ

ప్లానింగ్ నడుస్తున్నప్పుడు

మా రెస్క్యూ సెంటర్‌లో గాయాలు మానినా మళ్లీ బయటికి వదల్లేని వేటపక్షులు కొన్ని ఉన్నాయి. రెక్క ఎముక విరిగి వంకరగా అతుక్కున్న కెస్ట్రెల్ అనే చిన్న వేటపక్షి ఒకటి, కళ్లు తెరిచిన దగ్గర్నుంచి మనుషుల చేతుల్లోనే పెరిగి మనుషుల్నే తన జాతి అనుకుంటున్న బార్న్ ఔల్ అనే గుడ్లగూబ ఒకటి, బ్రీడర్ దగ్గర పుట్టి ఎన్నో చేతులు మారి మా దగ్గరికొచ్చిన హ్యారిస్ హాక్ అనే ఆడ డేగ ఒకటి. స్కూళ్లకి తీసుకెళ్తూనే ఉంటాం, అది అలవాటే. ఈసారి అనుకున్నది వేరు. లాంగ్ టర్మ్ కేర్‌లో ఉండేవాళ్ల దగ్గరికి, అంటే ఏళ్ల తరబడి అదే బిల్డింగ్‌లో, కొందరైతే అదే మంచంలో ఉండిపోయినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలని.

విన్నవాళ్లంతా ముందు అన్నమాట "కుక్కనో కుందేల్నో తీసుకెళ్లొచ్చు కదా, నిమరడానికైనా ఉంటుంది" అని. కుక్కలు ఎలాగూ వెళ్తున్నాయి, వెళ్లాలి కూడా. వేటపక్షి మాత్రం నిమిరించుకోదు. మన చేతి జిడ్డూ చెమటా తగిలితే దాని ఈకలు పాడవుతాయి, అదలా ఉంచితే అసలు తాకించుకోవడమే దానికి ఇష్టం ఉండదు. ఇది లోటని నేను అనుకోవట్లేదు, ఈ ప్రాజెక్టుకి బలమే అది. కేర్ హోమ్‌లో ఉన్న మనిషిని పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు తాకుతూనే ఉంటారు, పక్కకి తిప్పుతారు, బీపీ చూస్తారు, బట్టలు మారుస్తారు, నోట్లో మాత్ర పెడతారు, అన్నీ అవసరమైనవే గానీ చాలాసార్లు అడగకుండానే అయిపోతాయి. అలాంటి చోటికి "నన్ను తాకొద్దు, ఇంతకంటే దగ్గరికి రావొద్దు" అని ఒంటితోనే చెప్పే ప్రాణి ఒకటి వచ్చి, గదిలో ఉన్న అందరూ దాని మాట వింటే ఎలా ఉంటుందో చూడాలని నా కోరిక.

పర్మిట్లు, ఇన్సూరెన్స్, వెటర్నరీ సర్టిఫికెట్లు, ఇవన్నీ స్కూళ్ల కోసం తీసుకున్నవే ఉన్నాయి, హోమ్ పేరు చేర్చి రెన్యూ చేయించాం. చాలా దేశాల్లో పర్మిట్ లేకుండా వేటపక్షిని దగ్గర ఉంచుకోవడమే నేరం, రాలిన ఈక ఇంట్లో దాచుకున్నా తప్పే అయ్యే చోట్లు కూడా ఉన్నాయి. అందుకే ఎవరికీ ఈక గుర్తుగా ఇవ్వకూడదని ముందే రూల్ పెట్టుకున్నాం.

బిల్డింగ్ చూసొచ్చిన రోజు

పక్షి లేకుండా వెళ్లి ప్రతి గదీ పక్షి కళ్లతో చూడటం అన్నమాట. నర్సింగ్ ఇన్‌ఛార్జ్ ఆవిడ ఓపిగ్గా వెంట తిరిగారు. సీలింగ్ ఫ్యాన్లు ఆపడమే కాదు, స్విచ్ మీద టేప్ కూడా వేయాలి, ఎవరో అలవాటుగా నొక్కేస్తారు. అద్దాల మీద దుప్పటి కప్పాలి, కిటికీలకి కర్టెన్ వేయాలి, గాజు అడ్డం ఉందని పక్షికి తెలీదు, అటు ఆకాశం కనిపిస్తే నేరుగా దూసుకుపోతుంది. ఫైర్ అలారం టెస్ట్ ఏ రోజో కనుక్కుని ఆ రోజు వదిలేశాం.

కిచెన్ మాట ఎత్తితే ఆవిడ ఆశ్చర్యపోయారు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మాడితే ఆ పూత నుంచి వచ్చే పొగ మనకి పెద్దగా తెలీకపోవచ్చు గానీ పక్షిని నిమిషాల్లో చంపేస్తుంది, వాటి ఊపిరితిత్తుల నిర్మాణమే అలాంటిది, గాలి ఒకే దిశలో ప్రవహిస్తూ పీల్చినప్పుడూ వదిలినప్పుడూ కూడా లోపలికి పడుతూనే ఉంటుంది, విషమైనా అంతే. మేం వెళ్లే హాల్ కిచెన్‌కి దూరంగా ఉండాలి, ఆ పూట రూమ్ స్ప్రేలు కొట్టకూడదు. రెండూ ఒప్పుకున్నారు.

హాల్ మూలన ఒక పంజరంలో ఫించ్‌లనే చిన్న పిట్టలు ఉన్నాయి, రెసిడెంట్లకి ప్రాణం అవంటే. డేగ కంటికి అవి తిండి, వాటి కంటికి డేగ చావు. పంజరం మీద గుడ్డ కప్పితే చాలని ఎవరో అన్నారు. నేను ఒప్పుకోలేదు, అరుపు వినపడినా చాలు రెండు వైపులా గోల. మేం వచ్చే ముందే వాటిని వేరే ఫ్లోర్‌కి మార్చి, మేం వెళ్లిపోయాకే తిరిగి తేవాలి. అన్నిటికంటే పెద్ద సమస్య వేడి. ముసలివాళ్లకి చలి తగలకూడదని ఇలాంటి చోట్ల గదులు బాగా వెచ్చగా ఉంచుతారు, పక్షికి చెమట గ్రంథులు ఉండవు, ఒళ్లు చల్లబరుచుకోవడానికి ముఖ్యంగా నోరు తెరిచి రొప్పడమే దారి. ఔల్ అయితే గొంతు కింద చర్మాన్ని గబగబా అదిలిస్తుంది. అది మొదలయ్యిందంటే ఆ రోజుకి విజిట్ అయిపోయినట్టే, టైమ్ ఎంతైందని చూడం.

ట్రైనింగ్

స్కూలుకి అలవాటైన పక్షి కేర్ హోమ్‌కి అలవాటైనట్టు కాదు. వీల్‌చెయిర్, వాకర్, డ్రిప్ స్టాండ్, ఆక్సిజన్ మెషిన్ బుస్సుమనే చప్పుడు, మనుషుల్ని మంచం మీంచి ఎత్తే హోయిస్ట్, ఇవన్నీ కొత్తే. ముఖ్యంగా ఆ హోయిస్ట్, పైనుంచి వేలాడే గుడ్డ ఊగుతుంటే పక్షికి తన మీదికి ఏదో పెద్ద రెక్క వస్తున్నట్టే ఉంటుందనుకుంటా.

పాత వీల్‌చెయిర్ ఒకటి అడిగి తెచ్చుకుని పక్షుల షెడ్డుకి ఆ చివర పెట్టాం. హాక్ గ్లోవ్ మీద కూర్చుని తింటూ ఉంటుంది, నా తోటి వాలంటీర్ కుర్చీని కొంచెం కదుపుతుంది, తినడం ఆపకపోతే ఇంకొంచెం దగ్గరికి, ఆపితే వెనక్కి. ఇంతే పద్ధతి, వినడానికి సులువే గానీ తొందరపడితే పాతది కూడా పోతుంది. పొద్దున్నే బరువు తూచి రాసుకోవడం ఎలాగూ ఉంది, మరీ కడుపు నిండి ఉంటే ముక్క చూపించినా పట్టించుకోదు, మరీ ఆకలిగా ఉంటే చిరాకు, అరుపులు. మా హాక్‌కి కిలోకి కొంచెం తక్కువగా ఉన్నప్పుడు మనసు బాగుంటుంది. ఆడవి పెద్దవి, మగ హ్యారిస్ సగటున 700 గ్రాముల దాకా ఉంటుంది.

హ్యారిస్ హాక్‌ని ముందు ఎంచుకోడానికి కారణం ఉంది, డేగల్లో గుంపుగా వేటాడే జాతులు చాలా అరుదు, ఇది అలాంటిది, నాలుగైదు కలిసి కుందేల్ని పొదలోంచి తరుముతాయి, అందుకే చుట్టూ పదిమంది ఉన్నా తట్టుకునే స్వభావం. కెస్ట్రెల్ మాత్రం వీల్‌చెయిర్ చూస్తే చాలు ఈకలన్నీ ఒంటికి బిగించుకుని పుల్లలా అయిపోతోంది, వారాలు గడిచినా అంతే. దాన్ని లిస్టులోంచి తీసేశాం. వద్దన్నది వినడమే ప్రాజెక్టు కాబట్టి అది పక్షి దగ్గరే మొదలవ్వాలి.

మొదటి విజిట్ అయ్యాక

హాల్లో అర్ధచంద్రాకారంలో కుర్చీలు, మధ్యలో కింద ప్లాస్టిక్ షీట్. షీట్ ఎక్కడ పరచాలన్నది ఏ పక్షి అన్నదాన్ని బట్టి ఉంటుంది. హాక్ రెట్ట వేసేటప్పుడు ముందుకి వంగి తోక ఎత్తి వెనక్కి దూరంగా చిమ్ముతుంది, గుడ్లగూబ కిందకే వదులుతుంది. అందుకని హాక్ తోక ఎప్పుడూ ఖాళీ గోడ వైపే ఉండాలి, మంచం వైపో మనుషుల వైపో ఉండకూడదు. వాలంటీర్లకి నేను నేర్పే మొదటి పాఠం ఇదే.

ముందు నుంచీ నన్ను తొలుస్తున్న చిక్కు ఒకటి, ఎత్తు. పక్షి ఎత్తులో ఉంటే ధైర్యంగా ఉంటుంది, తనకంటే పైనుంచి ఎవరైనా వంగి చూస్తే బెదురుతుంది. కుర్చీలో కూర్చున్నవాళ్లకి మేం నిలబడి పక్షిని చూపిస్తే వాళ్లు మెడ ఎత్తలేరు, పైగా తల మీద గోళ్లు. ఎత్తు మార్చుకునే స్టూల్ తీసుకుని నేను కూర్చుని, చెయ్యి మోకాలి మీద ఆనించి, పక్షి వాళ్ల నుదుటికి కొంచెం పైన ఉండేట్టు పెట్టుకున్నా. అది ఇద్దరికీ కుదిరింది. నా భుజానికి కూడా మంచిదే, కిలో బరువే కదా అనిపిస్తుంది గానీ చెయ్యి చాపి అరగంట మోస్తే తెలుస్తుంది.

ఒక పెద్దావిడకి మాక్యులర్ డీజనరేషన్, ఎదురుగా చూస్తే నడిమధ్య మసక, పక్కలు మాత్రం కనిపిస్తాయి. ఆ సంగతి స్టాఫ్ ముందే చెప్పబట్టి ఔల్‌ని ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా పట్టుకున్నా, నల్ల షర్ట్ వేసుకున్నా, దాని తెల్లటి మొహం నలుపు మీద బాగా కనిపిస్తుందని. ఆవిడ తల పక్కకి తిప్పి పక్క చూపుతో చాలాసేపు చూసి "గుండ్రంగా ఉంది, మధ్యలో గీత ఉంది, అవునా?" అన్నారు. అవునమ్మా, సరిగ్గా అంతే. హాక్ వచ్చినప్పుడు చెప్పాను, మనిషి కంటిలో సూటిగా చూడటానికి పనికొచ్చే గుంట ఒకటే ఉంటుంది, డేగకి ఒక్కో కంటిలో అలాంటివి రెండు అని. "నాకు ఉన్న ఒక్కటీ పోయింది, దీనికి రెండు ఇచ్చాడా దేవుడు! బాగా చూసుకోవే తల్లీ, నా బదులు కూడా నువ్వే చూడు" అని హాక్‌తో అన్నారు. హాల్లో అందరూ నవ్వారు, ఆవిడ కూడా.

పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి ఒక పక్క ఉందన్న ధ్యాసే ఉండదు, వాళ్లకి ఎటువైపు తెలుస్తుందో అటునుంచే రావాలి. డిమెన్షియా ఉన్నవాళ్ల విషయంలో మనుషులు ఎదురుగా వచ్చి పలకరించాలని స్టాఫ్ చెప్తారు, పక్షికేమో ఎదురుగా వచ్చేవాళ్లంటే పడదు. దీనికి దొరికిన దారి ఏంటంటే, వాళ్లకి బాగా తెలిసిన ఆయా ఒకావిడ ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకుని మాట్లాడుతుంటుంది, నేను పక్కనుంచి ఏటవాలుగా వచ్చి ఆగుతా, వాళ్లంతట వాళ్లే తల తిప్పి చూసేదాకా నోరు మెదపను.

గుడ్లగూబ గురించి ఇంకో మాట. అది వచ్చిందంటే చావు కబురని నమ్మేవాళ్లు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నారు, చావు అంత దగ్గరలో ఉన్న బిల్డింగ్‌లో ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రతి ఒక్కరినీ ముందురోజే అడుగుతాం, మాట రానివాళ్లయితే ఇంట్లోవాళ్లని అడుగుతాం. ఒకాయన వద్దన్నారు, ఆయన గది ముందు నుంచి కూడా ఔల్ బాక్స్ తీసుకెళ్లలేదు, వెనక లిఫ్ట్‌లో వెళ్లాం.

తూకం రిజిస్టర్

దీన్ని విడిగా రాస్తున్నా, ఎందుకంటే ఇది ప్లాన్‌లో లేదు. విజిట్ మొదట్లో పక్షిని తూకం మీద నిలబెట్టి బరువు రాసుకుంటాం, అది మా పని కోసం. పోస్టాఫీసులో పార్శిళ్లు తూచి రిటైరైన పెద్దాయన ఒకరు మాటలు బాగా తగ్గిపోయి ఉన్నారని స్టాఫ్ చెప్పారు. ఆయన తూకం వైపే చూస్తున్నారు, హాక్ వైపు కాదు. "సున్నా చేశారా ముందు?" అన్నారు. పెర్చ్ (పక్షి నిలబడే కొయ్య) బరువు తీసేసి సున్నా చేశారా అని ఆయన ప్రశ్న. చేశాం సార్, మీరే చూడండి అని బల్ల ఆయన దగ్గరికి జరిపాం. అంకె ఊగుతుంటే చెయ్యి అడ్డం పెట్టి "ఆగండి, నిలవనీండి" అని, నిలిచాక చదివారు, రాసుకోమన్నారు, తర్వాత పెన్ను తనే తీసుకున్నారు. చెయ్యి వణుకుతుంది, అంకెలు పెద్దపెద్దగా పడతాయి, అయినా కింద గీత కొట్టి పక్కన తేదీ వేస్తారు. ఇప్పుడు రిజిస్టర్ ఆయన దగ్గరే ఉంటుంది. మొన్న బరువు పెరిగిందని చూసి "ఏం పెట్టారు దీనికి? ఇలా అయితే ఎగరదు" అని నన్ను గట్టిగానే అడిగారు. నేను జవాబు చెప్పుకోవాలి, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న.

ఆయన కుర్చీ ఎప్పుడూ పక్షికి రెండు మీటర్ల దూరంలో మేం పెట్టుకున్న గీతకి అవతలే, పక్షిని తాకాలని ఒక్కసారి కూడా అడగలేదు. పక్కనున్నావిడ వేలు చాపితే మాత్రం "అమ్మా, దానికిష్టం లేదు, వద్దంటే వినాలి" అన్నారు.

గదుల్లోకి

మంచం దిగలేనివాళ్ల దగ్గరికి గదికే వెళ్తున్నాం, ఒకసారికి ఒక్కరి దగ్గరికే, కొద్ది నిమిషాలే. తలుపు మూసి, "లోపల పక్షి ఉంది" అని బోర్డు పెట్టి. ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్లు, కీమో నడుస్తున్నవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ల గదుల్లోకి వెళ్లం, ఈకల పొడి గాల్లో తేలుతుంది, రెట్టలో సాల్మొనెల్లా ఉండొచ్చు. వాళ్లకి గాజు తలుపు అవతల నుంచి, లోపలి లైట్ తగ్గించి, గాజు మీద టేప్ గీతలు వేసి చూపిస్తున్నాం. ముందూ వెనకా చేతులు సబ్బుతో కడుక్కోవడం మాకూ వాళ్లకీ తప్పదు.

ఒక గదిలో వెన్నుపూస దెబ్బతిన్న కుర్రాడు ఉన్నాడు, ముప్పై కూడా ఉండవు, కళ్లతోనే మాట్లాడతాడు, రెప్ప ఒకసారి వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు. హాక్‌ని చూస్తూ ఉండి ఏదో అడగాలని అక్షరాల చార్ట్ వైపు చూశాడు. వాళ్లక్క ఒక్కో అక్షరం చూపిస్తూ కూర్చింది, ప్రశ్న ఏంటంటే రెప్ప పక్కనుంచి ఎందుకు వేస్తోంది అని. స్కూళ్లలో ఇంతమంది పిల్లల్ని చూశాం, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. పక్షులకి మూడో రెప్ప ఉంటుంది, ముక్కు వైపు మూల నుంచి పల్చటి పొరలా అడ్డంగా జరుగుతుంది, కన్ను తుడుస్తుంది, తడిగా ఉంచుతుంది, వేట పెనుగులాడేటప్పుడు కాపాడుతుంది. లెక్కలేనంత తొందరగా అయిపోతుంది, మామూలుగా చూసేవాళ్లకి కనపడనే కనపడదు. అతనికి కనపడింది. తర్వాతి విజిట్‌కి ఔల్ కళ్ల గురించి ప్రశ్న రెడీగా పెట్టుకున్నాడు, కళ్లు కదలవా అని. కదలవు, గుడ్లగూబ కళ్లు గుంటల్లో బిగించినట్టుంటాయి, అటూ ఇటూ చూడాలంటే తలే తిప్పాలి, మెడలో 14 పూసలు ఉంటాయి కాబట్టి ఒక పక్కకి 270 డిగ్రీల దాకా తిప్పగలదు. మనకి 7 పూసలే. అది విని వాళ్లక్క వైపు చూసి రెప్ప వేశాడు, "తను ముందే ఊహించాడట" అంది ఆ అమ్మాయి.

మధ్యలో ఆగింది

బర్డ్ ఫ్లూ వార్తలు రావడంతో విజిట్లు ఆపేశాం. జబ్బుపడ్డ నీటిపక్షుల్ని తిని వేటపక్షులకి ఈ వైరస్ సోకుతుంది, ఈ మధ్య ఏళ్లలో హెచ్‌5ఎన్‌1 వల్ల చాలా ఖండాల్లో గద్దలు, ఫాల్కన్‌లు చచ్చిపోయాయి. మా పక్షులకి బయటి వేట ఉండదు, నమ్మకమైన చోట కొన్న ఫ్రోజెన్ కోడిపిల్లలు, ఎలకలే పెడతాం, అయినా రిస్క్ తీసుకునే చోటు కాదు అది.

ఊరికే ఉండబుద్ధి కాక ఔల్ కక్కిన ఉండలు పంపాం. గుడ్లగూబ మింగినదాంట్లో అరగని ఎముకలు, బొచ్చు ఉండలా చుట్టుకుని నోట్లోంచి బయటికొస్తుంది. డేగ కడుపులో ఆసిడ్ గట్టిది, ఎముకలు చాలావరకు కరిగిపోతాయి, ఔల్ ఉండలో మాత్రం ఎలక పుర్రె, దవడ, పక్కటెముకలు దాదాపు అలాగే దొరుకుతాయి. ఓవెన్‌లో బాగా వేడి చేసి, రేకు చుట్టి, గ్లవ్స్, పట్టకార్లతో సహా పంపించాం. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఆవిడ చాలా సంతోషించారు, వేళ్లు బిగుసుకుపోయినవాళ్లు రబ్బరు బంతి నొక్కమంటే విసుక్కుంటారట, ఇదైతే టీ టైమ్ దాటినా లేవలేదట. ఎముకలన్నీ నల్ల అట్ట మీద వరసగా అంటించి ఫోటో పంపారు, వెన్నుపూసలు సైజు ప్రకారం పేర్చి ఉన్నాయి, ఒక్కటి కూడా తేడా లేదు.

ఇప్పుడు

మళ్లీ మొదలైంది. హాక్ హాల్లోకి రాగానే ఒళ్లంతా విదిల్చి ఈకలు సర్దుకుని ఒంటికాలి మీద నిలబడుతోంది, ఇది దానికి ఇబ్బంది లేదనడానికి గుర్తు, అంతకంటే మంచి సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు. గ్యాప్ వచ్చినా వీల్‌చెయిర్లని మర్చిపోలేదు.

ఔల్ విజిట్లు సాయంత్రానికి మార్చాం. డిమెన్షియా ఉన్నవాళ్లలో కొందరికి పొద్దు గుంకే వేళకి ఆందోళన ఎక్కువవుతుంది, నడవాలో అటూ ఇటూ తిరుగుతుంటారు, ఔల్‌కి అది అసలు పగలు మొదలయ్యే టైమ్. లైట్లు తగ్గించి, లీష్ (కాలి తాడు) కట్టే ఉంచి, పెర్చ్ మీంచి గ్లోవ్ మీదికి చిన్నగా ఎగిరి దూకిస్తున్నాం. రెక్క ముందంచున దువ్వెన పళ్లలాంటి అంచు, పైన మెత్తటి నూగు ఉండటం వల్ల చప్పుడే రాదు. "మళ్లీ చేయించు బాబూ, ఈసారి చెవి పెట్టి వింటాం" అంటారు, విన్నా ఏమీ వినపడదు, మళ్లీ అడుగుతారు. ఔల్ తినేసి ఇంక చాలన్నట్టు వీపు తిప్పితే మేం ఆపేస్తాం, ఎవరూ గొడవ చేయట్లేదు.

చేయాల్సినవి: పెర్చ్ స్టాండ్ చక్రాలు కిర్రుమంటున్నాయి, రబ్బరువి వేయించాలి. హాక్ కాళ్ల తోలు పట్టీలు పాతబడ్డాయి, కొత్తవి కత్తిరించాలి. రెట్ట టెస్ట్ రిపోర్టు వెట్ దగ్గర్నుంచి రావాలి. తూకం రిజిస్టర్‌లో పేజీలు అయిపోవచ్చాయి, పెద్దాయన గీతలున్న పుస్తకమే కావాలన్నారు, లావుపాటిది. ఔల్ వద్దన్నాయన నిన్న అడిగారట, అది వచ్చేది ఏ వారమని. చూడ్డానికి అడిగారో, ఆ టైమ్‌కి తలుపేసుకుందామని అడిగారో ఇంకా తెలీదు, వెళ్లి ఆయన్నే అడగాలి.